పదికి లేచే సొసైటీ గది

ఉప్పుకాలువ కట్ట మీద మా రొయ్యల రైతుల సొసైటీ గది ఒకటుంది. ఒకటే గది, రేకుల కప్పు, సముద్రం వైపు ఒక కిటికీ. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. రాత్రి పది దాటాక మాత్రం ఆ కట్ట మీద నడిచే మనిషి లేడు. పాళేనికి అదే దగ్గర దారి. అయినా రెండు మైళ్లు చుట్టు తిరిగి తారురోడ్డు మీద పోతారు గానీ అటు రారు.

ఎందుకంటే — పది కాగానే ఆ గది ఏడుస్తుంది.

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. పన్నెండో ఏట ఉప్పు మడుల్లో కూలికి దిగాను. కూలి కోసం, బంజరు కోసం, నీళ్ల కోసం కొట్లాడాను. రెండుసార్లు జైలు చూశాను. అట్లాంటి నేను కూడా మూడేళ్లపాటు ఆ కట్ట ఎక్కలేదు. భయంతో కాదు. కోపంతో. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు హజరత్తయ్య చూసింది చెప్పాలి. అతను మా రొయ్యల గుంటల కాపలాదారు. గుంటలు ఎండిపోయాక కూడా అలవాటు చావక రాత్రుళ్లు తిరుగుతుంటాడు. ఒక రాత్రి బీడీ కాల్చుకుంటూ ఆ గది దగ్గరికి వచ్చాడట. చుట్టూ చీకటి. కాలువలో నీళ్లు లేవు, కప్పల చప్పుడు కూడా లేదు.

“అన్నా, అబద్ధం చెప్తే నా కళ్లు పోవాల,” అని మొదలుపెట్టాడు నాతో. “ఉన్నట్టుండి కిటికీలో యెలుతురు వచ్చింది. వచ్చి ఊరుకోలా... ఈ మూల నుంచి ఆ మూలకు కదిలింది. ఎవురో లాంతరు పట్టుకోని యెతుకుతా ఉన్నట్టు. లోపల్నుంచి ఏడుపు. ఊ... ఊ... ఊ... అంటాది, ఆగతాది. మళ్లా ఊ... అంటాది. ఊపిరి పీల్చుకోనేదానికి ఆగినట్టు.”

“నువ్వేం చేసినావు?”

“ఏం చేస్తాను? నా చెప్పులు యాడ వదిలినానో నాకిప్పటికీ తెలీదు.”

ఆ ఏడుపు ఎవరిదో ఊళ్లో ఎవరూ పేరు పెట్టి అనరు. కానీ అందరికీ ఒకే పేరు గుర్తుకొస్తుంది — మాథ్యూ.

మాథ్యూ మా సొసైటీ గుమాస్తా. నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు, మిగతా ఆరు రోజులూ ఆ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆ కంప్యూటర్ ఏదో బ్యాంకు వాళ్లు పాతదైపోయిందని వదిలించుకుంటే మేము ఆటోలో వేసుకుని తెచ్చుకున్నది. పాతకాలం టీవీ డబ్బా లాంటి మానిటర్, బొంయ్యిమని మోగే సీపీయూ. మాథ్యూకు తప్ప ఎవరికీ దాని మాట సరిగా అర్థం కాదు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను సొసైటీ కార్యదర్శిని. అధ్యక్షుడు పెంచలప్రసాద్.

మా గుంటలకు ప్రాణం మొగ. ఉప్పుకాలువ సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. పోటు వచ్చినప్పుడు అక్కడినుంచి ఉప్పునీళ్లు లోపలికి వస్తేనే రొయ్య బతుకుతుంది, మేమూ బతుకుతాం. ఆ మొగ మూసి ఓడలు ఆగే జెట్టీ కట్టుకుంటామని ఒక కంపెనీ వచ్చింది. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో మెయిలులో పంపండి, అని నోటీసు అంటించారు. రెండు వందల పన్నెండు కుటుంబాలు సంతకాలు పెట్టాయి. మాథ్యూ వాటిని స్కాన్ చేసి, ఉత్తరం టైపు చేసి, “పంపినానన్నా” అన్నాడు. సరే అనుకున్నాం.

విచారణ రోజు షామియానా కింద ఊరంతా కూర్చున్నాం. ఆఫీసరు కాగితాలు తిరగేసి ఒకే మాట అన్నాడు.

“మీ సొసైటీ అభ్యంతరం ఏదీ ఫైల్లో లేదు.”

అంతే. నాలుగు నెలల్లో మొగలో రాళ్లు పడ్డాయి. గుంటలు బీటలు వేశాయి. నా రెండెకరాలు కూడా.

మాథ్యూను ఊరి ముందు నిలబెట్టాం. “పంపినాను” అన్నాడు. “అయితే మిషన్ తెరిచి చూపించు” అన్నాం. ఒక రాత్రి గడువు అడిగాడు. మర్నాడు తల వంచుకుని వచ్చాడు.

“మిషన్ చెడిపోయింది. మెమరీ చాలదంటా ఉంది. మెయిలు తెరుచుకోవడం లేదు.”

“మెమరీ చాలనిది మిషన్‌కా, నీకా?” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెప్పరానంత విషం ఉంది.

కంపెనీ సొమ్ము తిన్నాడని తేల్చేశాం. ఆ రోజు నుంచి అతనితో ఊళ్లో పలికినవాడు లేడు. బంకులో టీ ఇవ్వలేదు. చర్చిలో పక్కన కూర్చోలేదు. అతను మాత్రం ప్రతి రాత్రీ ఆ గదికి వెళ్లేవాడు. ఒంటరిగా కూర్చుని మిషన్ ముందు ఏదో చేసేవాడు. సాక్ష్యాలు చెరుపుతున్నాడు అనుకున్నాం. ఎనిమిది నెలలకు ఒక పొద్దున గది గడప మీద పడి ఉన్నాడు. తలుపు తాళం వేసే ఉంది. గుండె ఆగిందన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఏడుపు మొదలైంది.

మూడేళ్లు గడిచాయి. మొన్న వేసవిలో పెంచలప్రసాద్ కమిటీ పిలిచాడు.

“దెయ్యం కొంప ఊరికి మంచిది కాదు. బుధవారం పొద్దున జేసీబీ వస్తాది. మిషన్‌తో సహా నేలమట్టం చేసేద్దాం” అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

మంగళవారం సాయంత్రం మా ఇంటి ముందు ఒక స్కూటీ ఆగింది. మాథ్యూ కూతురు అబిగయీలు. నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. భుజాన సంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పెదనాయనా, గది తాళం మీ దగ్గర ఒకటుందంట. ఈ రాత్రికి ఇయ్యండి.”

“దేనికి?”

“అమ్మ మంచం పట్టింది. డాక్టర్లు ఆశ లేదన్నారు. ఒకటే మాట అడగతా ఉంది — మీ నాయన ఆ ఉత్తరం పంపినాడా, పంపలేదా అని. పంపలేదంటే పంపలేదనే చెప్పు, అబద్ధంతో నన్ను సాగనంపొద్దు అంటా ఉంది. రేపు ఆ మిషన్ మట్టిలో కలిసిపోతే నేనేం చెప్పేది?”

“డిస్కు పీక్కోనిపోయి నెల్లూరులో చూసుకో.”

“అక్కడ చూస్తే ఏమంటారు మీరు? నాయన కోసం కూతురు కల్పించింది అంటారు. ఆ గదిలోనే, ఆ మిషన్‌లోనే, మీ మనిషి ముందరే తెరవాల. మీరే రండి.”

నేను తాళం నేల మీదికి విసిరాను. అవును, విసిరాను. “నేను రాను. మీ నాయన మొగం తలుచుకుంటేనే నా కడుపు మండతాది. హజరత్తయ్యను తీసుకోనిపో,” అన్నాను. ఆ పిల్ల వంగి తాళం తీసుకుంది.

ఇక ఆ రాత్రి సంగతి. సగం హజరత్తయ్య చెప్పగా విన్నది, సగం అబిగయీలు చెప్పింది.

తొమ్మిదిన్నరకు గది తెరిచారు. లోపల ఉప్పుగాలి వాసన, సాలెగూళ్లు, మేకుకు వేలాడే పాత క్యాలెండరు. బల్ల మీద మిషన్ నల్లగా కూర్చుని ఉంది. స్విచ్చు వేస్తే లైటు వెలగలేదు. మాథ్యూను వెలివేసిన రోజుల్లోనే మీటరు కనెక్షన్ పీకేశారు. సెల్‌ఫోను లైటు ఒక్కటే.

“పోదాం పా పాపా,” అన్నాడు హజరత్తయ్య. “కరెంటే లేదు, ఏం చూస్తావు?”

“పది కానియ్యి మామా.”

“పదా! పదికి ఏమొస్తాదో నీకు తెల్సా?”

“తెలుసుకుందామనే వచ్చినా.”

హజరత్తయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు — ఒక కాలు లోపల, ఒక కాలు బయట. నోట్లో వెంకయ్యస్వామి పేరు. తొమ్మిది యాభై. తొమ్మిది యాభై ఐదు. కాలువ అవతల ఎక్కడో కుక్క అరిచి ఆగింది...

టక్ — మని చప్పుడు.

ఎవరూ ముట్టుకోలేదు. మిషన్ దానంతట అదే బొంయ్యిమంది. మానిటర్ మీద ఒక చిన్న రంగు డబ్బా పుట్టి — మెల్లగా — ఈ మూల నుంచి ఆ మూలకు జరగడం మొదలుపెట్టింది. దాని వెలుగు గోడ మీద పాకింది. ఆ వెంటనే —

ఊ...... ఊ...... ఊ......

హజరత్తయ్య కట్ట దిగి పరుగెత్తేవాడే. కానీ లోపల్నుంచి ఇంకో చప్పుడు వినిపించింది. నవ్వు. అబిగయీలు నవ్వుతోంది.

“మామా, రా. వచ్చి నీ దెయ్యాన్ని చూడు.”

రంగు డబ్బా అంటే — మిషన్ నుంచి బొమ్మ రావడం లేదని మానిటర్ చెప్పుకునే మాట. ఏడుపు అంటే — మెమరీ అందడం లేదని మిషన్ కొట్టుకునే కూత. పాత మిషన్లన్నీ అట్లాగే కూస్తాయట. మరి కరెంటు ఎక్కడిది? ఆ పిల్ల వైరు పట్టుకుని పోయి చూసింది. మాథ్యూ బల్ల దగ్గరి ప్లగ్గు మీటరుకు లేదు. మీటరు పీకేశాక గోడ అవతల మోటారు షెడ్డు లైనుకు కలుపుకున్నాడు. మోటార్లకు త్రీఫేజు కరెంటు రాత్రి పదికి వస్తుంది, తెల్లవారి నాలుగుకు పోతుంది. కరెంటు రాగానే దానంతట అదే లేచేటట్టు మిషన్‌ను పెట్టుకున్నాడు మాథ్యూ. గుంటలు ఎండాక మోటార్లు అమ్మేశాం గానీ షెడ్డులో స్విచ్చు తీసే ధైర్యం ఎవరికీ లేదు. మూడేళ్లు మా ఊరు భయపడింది ఆ స్విచ్చుకు.

“థూ,” అన్నాడు హజరత్తయ్య. “నా చెప్పులకు రెండు వందల యాభై పెట్టినా గదా!” అని లోపలికి వచ్చి కూర్చున్నాడు.

అబిగయీలు మిషన్ పక్క రేకు విప్పింది. లోపల వేలెడు పొడుగు పచ్చబిళ్ల ఒకటి ఉంది. అదే మెమరీ. దాని అంచున ఉండే బంగారు గీతలు ఉప్పుగాలికి నల్లబడిపోయాయి. సంచిలోంచి స్కూలు పిల్లల రబ్బరు తీసి ఆ గీతల మీద రుద్దింది. నల్లటి పొడి రాలింది. మళ్లీ బిళ్ల పెట్టింది. ఏడుపు ఆగిపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. తారీఖు చూస్తే ఇరవై ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మిషన్ లోపల గడియారానికి ఉండే సెల్లు ఎప్పుడో చచ్చిపోయిందట.

మెయిలు బొమ్మ మీద నొక్కింది. గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి... తెర బిగుసుకుపోయింది. మెమరీ చాలదు, అని ఇంగ్లీషులో వచ్చింది. మళ్లీ ఆపి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. అక్కర్లేని సరుకంతా ఆపేసింది, డిస్కులో చెత్త తుడిచింది, అరగంట పట్టింది. మెయిలు సగం తెరుచుకుని మళ్లీ బిగుసుకుంది.

“మీ నాయన చెప్పింది నిజమే కదమ్మా,” అన్నాడు హజరత్తయ్య. “మెమరీ చాలదనే గదా అప్పుడు కూడా అన్నాడు.”

 సెల్‌ఫోను లైటు మిషన్ కడుపులోకి పెట్టి చూస్తోంది అబిగయీలు. 

“ఏంది పాపా?”

“ఇందులో రెండు ఉండాల మామా.”

“ఏంది రెండు?”

“మెమరీ బిళ్లలు. మెయిలు నిండిపోయింది, తెరుచుకోవడం లేదు అంటే నా మొదటి జీతంతో రెండో బిళ్ల కొని నేనే తెచ్చి పెట్టినా. అప్పట్నుంచి బాగా నడిచింది...” వేలు పెట్టి చూపించింది. “ఆ చోటు ఖాళీగా ఉంది. రెండు పక్కలా కొక్కేలు తీసి ఉన్నాయి. చెడిపోలేదు మామా. ఎవరో చేత్తో పీకినారు.”

“ఎవురు?”

ఆ పిల్ల నేల మీద కూర్చుండిపోయింది.

ఆ మిషన్ మూత విప్పడం తెలిసినవాడు మా ఊళ్లో ఒక్కడే. కూతురు దగ్గరుండి నేర్పింది.

“అయితే మీరందరూ అన్నది నిజమే,” అందట, గుసగుసగా. “ఊరు అడిగింది. చూపించమన్నారు. నాన్న రాత్రికి రాత్రి బిళ్ల పీకి, చెడిపోయింది అన్నాడు. దాచడానికి ఏమీ లేకపోతే ఎందుకు పీకతాడు? మూడేళ్లు... మూడేళ్లు మా నాన్న అట్లాంటోడు కాదని నేను కనిపించిన వాళ్లందరితో కొట్లాడినా మామా. మొగుడితో కూడా.”

హజరత్తయ్య లేచాడు. “పాపా, ఇంటికి పోదాం. మీ అమ్మకు తెరుచుకోలేదని చెప్పు.”

“అబద్ధం చెప్పొద్దంది.”

లేచింది. కోపంగా లేచింది, అన్నాడు హజరత్తయ్య. సొరుగులన్నీ లాగి నేల మీద బోర్లించింది. పాత రసీదులు, గుండుసూదులు, ఎండిన పెన్నులు. మేకుకున్న సంచి దులిపింది. చివరికి రబ్బరు స్టాంపుల రేకు డబ్బా. స్టాంపులు బయటికి పోసి అడుగున ఉన్న అట్ట ఎత్తింది. దాని కింద చాక్లెట్ రేకులో చుట్టి — పచ్చబిళ్ల. పదిలంగా. పారేయలేదు. ప్రతి రాత్రీ తీసి పెట్టుకుని, మళ్లీ దాచినట్టుగా ఉంది.

రెండో బిళ్ల పెట్టింది. ఈసారి మెయిలు బిగుసుకోలేదు. మెల్లగా, ముసలివాడు మెట్లెక్కినట్టు తెరుచుకుంది.

పంపిన ఉత్తరాల్లో వెతికింది. ఆ నెల. మూడో తారీఖు. సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు.

ఉంది.

రెండు వందల పన్నెండు సంతకాలతో సహా ఉంది. అది చేరిందని అవతలి ఆఫీసు పంపిన జవాబు కూడా ఉంది.

అబిగయీలు అప్పటికప్పుడు ఫోను చేసింది. “అమ్మా... అమ్మా... నిద్రపోయినావా? విను. పంపినాడు. నాన్న పంపినాడే. గడువుకు పద్దెనిమిది రోజుల ముందే పంపినాడు.” అవతల ఏడుపు లేదు.  “సరే, నువ్వు బువ్వ తిన్నావా?” అని మాత్రం వినిపించిందట. హజరత్తయ్య ఆ మాట చెబుతూ కండువా మొగానికి అడ్డం పెట్టుకున్నాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆ పిల్ల పనిమంతురాలు. పంపిన ఉత్తరం ఫైల్లో ఎందుకు లేదు? బిళ్ల ఎందుకు పీకాడు? చెరిపేసిన మెయిళ్ల అరలోకి వెళ్లి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. రెండున్నరకు ఒకచోట ఆగింది. అటు తిరిగే చెప్పింది.

“మామా, పెద్దాయన్ని లేపుకోని రా. రానంటే కాళ్లు పట్టుకోనైనా తీసుకోని రా.”

మూడింటికి నా తలుపు కొట్టాడు హజరత్తయ్య. దారంతా దెయ్యం సంగతి, బిళ్ల సంగతి, పంపిన సంగతి చెబుతూనే ఉన్నాడు. మాథ్యూ పంపాడు అన్నప్పుడు నా కాళ్లు కట్ట మీద ఆగిపోయాయి. మరి ఎవడు? ఎవడు మా గొంతు కోసింది?  ఈ వయసులో కూడా, చేతికి దొరికితే చంపేద్దును అనుకున్నాను.

గదిలోకి పోయాను. మాథ్యూ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పిల్ల బల్ల పక్కన నిలబడి ఉంది, కుర్చీలో కూర్చోలేదు.

“ఇది చూడండి పెదనాయనా. మనం పంపిన నాలుగు రోజులకు ఈ మిషన్ నుంచే ఇంకో ఉత్తరం పోయింది. పోయినాక ఎవురో చెరిపినారు. చెరిపినోడికి, చెరిపిన అరలో కూడా తుడవాలని తెలీదు. నాన్న కాదు పంపింది. ఆ రోజు ఆదివారం, టైము చూడండి — ఆరాధన టైము. నాన్న చర్చిలో పాడతా ఉంటాడు.”

సొసైటీ లెటర్‌ప్యాడు మీద నాలుగు వాక్యాలు. మా అభ్యంతరాలను వెనక్కి తీసుకుంటున్నాము. పాత ఉత్తరాన్ని ఫైల్లోంచి తీసేయగలరు. జెట్టీ నిర్మాణానికి మా సమ్మతి తెలుపుతున్నాము. కింద సొసైటీ స్టాంపు. స్టాంపు పక్కన సంతకం.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. విడివిడిగా, కష్టపడి రాసిన అక్షరాలు. ముప్పై ఏళ్లు దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు.

చెంచురామయ్య.

నా సంతకం.

మా సొసైటీలో ఒక పద్ధతి ఉండేది. నెల్లూరు ఆఫీసుల చుట్టూ తిరిగేది పెంచలప్రసాద్. మెయిలు పంపడం వరకు వాడికీ వచ్చు, గది తాళం ఇంకోటి వాడి దగ్గరే ఉండేది. ప్రతి అర్జీకీ నా సంతకం కోసం ముప్పై మైళ్లు వెనక్కి రావాలంటే పనులు ఆగుతాయి. అందుకని ఖాళీ లెటర్‌ప్యాడు కాగితాల మీద పదో ఇరవయ్యో ఒకేసారి సంతకాలు పెట్టి ఇచ్చేవాణ్ని. ఈ జిల్లాలో నూరు సంఘాలు అట్లాగే నడుస్తాయి. పెంచలప్రసాద్ తండ్రి, నేను ఒకే జైల్లో ఉన్నాం. ఆ పిల్లాణ్ని వేలు పట్టుకుని మీటింగులకు తిప్పాను. వాడికి కాగితం ఇచ్చేటప్పుడు అడగడమేమిటి? నా బిడ్డను నేను అడుగుతానా?

వాడు నా నమ్మకం తీసుకుని నా చేత్తోనే నా గుంటలో మట్టి పోశాడు. తెల్లవారాక జేసీబీ ముందు వాడికీ నాకూ ఏం జరిగిందో ఊరంతా చూసింది. కేసు నడుస్తోంది. అది కోర్టు తేల్చాలి. నేను చెప్పదలచుకున్నది అది కాదు.

“ఈ సంతకం మీదేనా?” అని అడిగింది అబిగయీలు.

తల ఊపాను.

“నాన్న ఇది చూసినాడు,” అంది. “మీరందరూ మిషన్ తెరవమన్న రాత్రి చూసినాడు. బిళ్ల పీకి, తెల్లారి చెడిపోయింది అన్నాడు. నాన్న దాచింది నాన్న తప్పు కాదు పెదనాయనా.”

నాకు అప్పుడు అర్థమైంది. 

నేనే ఊరిని అమ్మేశాననుకున్నాడు మాథ్యూ.

ఆ పిల్ల ఆగలేదు. “ఇంకా ఉన్నాయి,” అని పంపకుండా దాచుకున్న చిత్తు ఉత్తరాల అర తెరిచింది. రెండు వందల పైన ఉన్నాయి. అన్నీ ఆ ఆఫీసరుకే. ఒక్కో రాత్రి ఒకటి. అన్నీ ఒకేలా మొదలవుతాయి — అయ్యా, మా అభ్యంతరాలు వెనక్కి తీసుకున్న ఉత్తరం సొసైటీకి తెలియకుండా పంపినది, దాని మీద సంతకం చేసినవారు... అంతే. అక్కడ ఆగిపోతాయి. ప్రతి రాత్రీ అక్కడిదాకా వచ్చి, నా పేరు రాయలేక, మూసేసి, బిళ్ల పీకి దాచి, ఇంటికి పోయేవాడు. బయట ఊరు అతని మీద ఉమ్మేది. నేనూ వాళ్లలో ఉన్నాను. ముందు వరసలో ఉన్నాను.

హజరత్తయ్య నెమ్మదిగా అన్నాడు, “అన్నా, కూర్చో.” నేను ఆ కుర్చీలో కూర్చోలేదు.

“ఒకటి మాత్రం చిత్తుల్లో లేదు,” అంది అబిగయీలు. “ఇది వేరే చోట ఉంది. పంపు అని నొక్కినాడు. ఆ రాత్రి సిగ్నలు లేదు, పోకుండా ఆగిపోయింది. తారీఖు చూడండి.”

చూశాను. గడప మీద పడి చనిపోయిన రాత్రి.

ఆమె చదవలేదు. నేనే చదువుకున్నాను. మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని.

అయ్యా, అభ్యంతరాలు వెనక్కి తీసుకున్న ఉత్తరం చెల్లదు. దాని మీద ఉన్నది చెంచురామయ్య గారి సంతకం కాదు. ఆయనకు ఏమీ తెలియదు. ఆయన సంతకం చూసి అదే మాదిరి నేను దొంగ సంతకం పెట్టి పంపినాను. నన్ను ఏ శిక్ష అయినా వేయండి. మా మొగ మళ్లీ తెరిపించండి. ఇట్లు, మాథ్యూ, గుమాస్తా.

టక్ — మని చప్పుడు.

నాలుగైంది. కరెంటు పోయింది. తెర మీద అతని పేరు ఒక్క క్షణం వెలుగు చుక్కలా ముడుచుకుని ఆరిపోయింది.

చీకట్లో ముగ్గురం ఉన్నాం. ఎవరి ఊపిరి ఎవరిదో తెలియడం లేదు.

“నేను సంతకం పెట్టినప్పుడు ఆ కాగితం మీద ఏమీ లేదమ్మా,” అన్నాను.  “తెల్ల కాగితం. పెంచలప్రసాద్‌కు ఇచ్చినా. ఒట్టు.”

 ఆ పిల్ల గొంతు, పక్క నుంచి, గుసగుసగా —

“ఇదే మాట నాన్నతో చెప్పి ఉంటే సరిపోయేది కదా. నాన్న ఒక్కసారి కూడా మిమ్మల్ని అడగలేదా?”

అడగలేదని అబద్ధం చెబుదామనుకున్నాను. చీకటే కదా, మొగం కనబడదు. కానీ ఆ గదిలో నోరు తిరగలేదు.

“వచ్చినాడమ్మా. మిషన్ తెరవమన్న రాత్రే మా ఇంటికి వచ్చినాడు. వాకిట్లో నిలబడి, అన్నా, నిన్నొకటి అడగాల అన్నాడు...”

“అడిగినాడా?”

“అడగనియ్యలా. చెప్పు తీసినా.”